తాత కోపం మనకీ రాసిపెట్టి ఉందా?

ప్రహ్లాదుడిలో ఉన్నది ఎవరి రక్తం? హిరణ్యకశిపుడిదే కదా. మరి ఆ కోపం ఎందుకు రాలేదు?

జీన్స్‌ది ఏమీ లేదని చెప్పను. కవలల మీద జరిగిన పరిశోధనల ప్రకారం, మనుషుల స్వభావాల మధ్య తేడాల్లో దాదాపు 40 శాతం వారసత్వానిదే. మిగతాది భాగవతంలో వెతికాను. కడుపుతో ఉన్న తల్లి నారదుడి ఆశ్రమంలో భయం లేకుండా గడిపింది, మంచి మాటలు వింది. బిడ్డ కూడా విన్నాడు. తనను చంపించబోయిన తండ్రికే సద్గతి ఇవ్వమని స్వామిని అడిగాడు!

పురాణం కాబట్టి సరే అంటారా? 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారిని చూడండి. పదేళ్లకే తల్లి పోయింది. బడిలో టీచర్లు, ఇంట్లో నాన్న కొట్టేవాళ్లు. ఆయనే పెద్దయ్యాక పిల్లల్ని భయపెట్టి చదివించకూడదని పట్టుబట్టారు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ స్కూల్ ఆయన ఆలోచనే. (గురువులే వద్దన్న మనిషి భక్తి ఛానెల్‌లో ఎందుకంటే, ఇందుకే.)

మా పుంగనూరు ఇంట్లో పిల్లాడు అలిగితే "అచ్చం తాతే" అంటారు. కుప్పంలో ఉన్న అక్క కూడా మూడేళ్ల కొడుకుని అదే అంటోంది. "వాడి ముందు అలా అనొద్దక్కా, రాత్రిపూట ప్రహ్లాదుడి కథ చెప్పు" అన్నాను.

"చెప్పాను రా. వాడికి స్తంభం పగలగొట్టడమే నచ్చింది" అంది.