ఆలస్యానికి ప్రాయశ్చిత్తం

టైము ఎలా వాడుకోవాలో నేర్చుకుని రమ్మని ఒక మనిషికి కోర్టు ఆజ్ఞ ఇవ్వగలదని మా అక్క కొడుకు పుణ్యమా అని తెలిసింది. వాడు ఉండేది అమెరికాలో, వర్జీనియా రాష్ట్రం ఆష్‌బర్న్‌లో. అక్కడ గంటకు 85 మైళ్లు దాటించి కారు నడిపితే జరిమానా కట్టి మరిచిపోవడానికి లేదు, అది నేరం. ఏడాది దాకా జైలు వేయొచ్చు. మావాడు దాటించాడు. అది చాలదన్నట్టు వాయిదా రోజున కోర్టుకు వెళ్లలేదు. అది మరో నేరం. లాయరు ఏం చెప్పుకున్నాడో గానీ జడ్జిగారు జైలు మాట పక్కన పెట్టి ప్రొబేషన్ ఇచ్చారు. ఆన్‌లైన్‌లో టైమ్ మేనేజ్‌మెంట్ క్లాసు పూర్తిచేసి సర్టిఫికెట్ దాఖలు చేయమన్నారు.

నేను రాజమండ్రిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. అప్పుడు వాడింట్లోనే ఉన్నాను గనక పక్కన కుర్చీ వేసుకుని ఆ క్లాసు నేనూ విన్నాను.

పాఠం తెర మీదికి వస్తుంది. కింద మూల ఒక గడియారం వెనక్కి నడుస్తుంటుంది. అది సున్నాకు వచ్చేదాకా తర్వాతి పేజీకి వెళ్లే బటన్ బూడిద రంగులోనే ఉంటుంది, నొక్కినా పలకదు. రెండు నిమిషాల్లో చదివేసినా కదలడానికి వీల్లేదు. కాసేపు మౌస్ కదపకపోతే ‘ఉన్నారా?’ అని అడుగుతుంది. మావాడు ఒక చేత్తో మౌస్ కదుపుతూ, రెండో చేతిలో ఫోన్ పెట్టుకుని క్రికెట్ చూసేవాడు.

ఒక్కచోట మాత్రం ఫోన్ పక్కన పెట్టాడు. వారానికి 168 గంటలు, అవి ఎటు పోతున్నాయో పట్టిక వేయమన్నారు. ఆఫీసు, డ్రైవింగు, వంట, నిద్ర రాసుకుంటూ పోయి, రాత్రి పదిన్నరకు హైదరాబాదు వాళ్లతో మాట్లాడే ఆఫ్‌షోర్ కాల్ దగ్గర ఆగిపోయాడు. “మావయ్యా, దీన్ని ఏ రోజు కింద వెయ్యను? నాకు మంగళవారం రాత్రి, వాళ్లకు బుధవారం పొద్దున్న.” ఆ పట్టిక తయారు చేసినవాడికి ఈ బాధ తెలియదు. రెండు దేశాల గడియారాలకు ఒకే ఒళ్లు అప్పగించిన మనిషికి ఆ పట్టిక ఏం చేస్తుంది?

ఈ సంగతి గుడిలో పరిచయమైన ఒక పెద్దాయనతో అంటే ఆయన తేల్చి పారేశారు. “మనసు పెట్టని వ్రతం దండగండీ. గడియారం కోసం కూచుంటే అది ప్రాయశ్చిత్తమా?” వినడానికి బాగానే ఉంది. నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఎందుకో చెబుతాను. మన ధర్మశాస్త్ర గ్రంథం యాజ్ఞవల్క్య స్మృతిలో మూడు భాగాలున్నాయి: ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం. దానికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరిని పదమూడో శతాబ్దంలోనే మన కవి కేతన తెలుగులోకి తెచ్చాడు. రాజు సభలో తేలవలసిన తగవులన్నీ వ్యవహారంలో ఉంటాయి. మనిషి తన పాపాన్ని తాను కడుక్కునే దారులు వేరే అధ్యాయంలో ఉంటాయి. ఆ దారులు కూడా ఎంత లెక్కగా ఉంటాయో చూడండి. చాంద్రాయణంలో చంద్రుడు తరిగినకొద్దీ రోజుకో ముద్ద తగ్గించాలి, అమావాస్యకు పస్తుండాలి, మళ్లీ రోజుకో ముద్ద పెంచుకుంటూ పున్నమికి పదిహేనుకు రావాలి. లెక్కంతా ముద్దలకే, కన్నీళ్లకు లెక్క లేదు. చేసిన తప్పు నోరు విప్పి చెప్పుకోవడం, పశ్చాత్తాపపడటం కూడా పాపం పోగొడతాయని మనుస్మృతి చెప్పింది. వాటికి ముద్దల్లాంటి కొలత ఎవరు పెట్టగలరు?

ఆలస్యానికే మనకొక ప్రాయశ్చిత్తం ఉంది. సంధ్యావందనం వేళ తప్పితే, ఆ కాలాతిక్రమణ దోషం పోవడానికి ఇంకొక అర్ఘ్యం విడవాలి. మా నాన్నగారు గోదావరి గట్టున వేళ తప్పకుండా సంధ్య వార్చేవారు, అయినా ఆ అదనపు అర్ఘ్యం రోజూ విడిచేవారు. “వేళకే కదా చేశారు, మరిదెందుకు?” అని చిన్నప్పుడు అడిగాను. “వేళకే చేశానని నువ్వంటున్నావు” అని ఊరుకున్నారు. దోసెడు నీళ్లతో పోయే దోషం. కుమిలిపోవడాలూ ప్రమాణాలు చేయడాలూ లేవు. నీళ్లు విడిచి తర్వాతి మంత్రానికి వెళ్లిపోవడమే.

కోర్టు మనసు దాకా వెళ్లాలని చూస్తే ఏమవుతుందో అమెరికాయే ఒకసారి చూసింది. 1829లో ఫిలడెల్ఫియాలో ఈస్టర్న్ స్టేట్ అనే జైలు తెరిచారు. ఖైదీని ఒక్కణ్నే గదిలో పెట్టి, బైబిలు ఇచ్చి, మనిషి మొహం కనబడకుండా చేస్తే తనంతట తానే పశ్చాత్తాపపడతాడని దాని వెనక ఉన్న మంచివాళ్ల నమ్మకం. 1842లో వెళ్లి చూసిన చార్లెస్ డికెన్స్, ఒంటిని హింసించడం కంటే ఇది ఘోరమని రాశాడు. అంతకు ముందటేడే బోస్టన్‌లో జాన్ అగస్టస్ అనే చెప్పులు కుట్టేవాడు కోర్టులో లేచి, ఒక తాగుబోతుకు తాను పూచీ ఉంటానన్నాడు. మూడు వారాల తర్వాత ఆ తాగుబోతు తాగకుండా కోర్టుకు వచ్చాడు. ప్రొబేషన్ అక్కడ పుట్టింది. జడ్జి చూసింది మనిషి వచ్చాడా, తాగాడా అనే. మన దేశంలో దానికి కేంద్ర చట్టం 1958లో వచ్చింది.

అందుకే ఆ బూడిద రంగు బటన్ మీద నాకు గౌరవం. అది మావాడి గంటలు తీసుకుంది, మనసు జోలికి పోలేదు. నాకున్న అభ్యంతరం వేరు. ఆ గంటలు అందరికీ ఒక్క ధర కావు. ఏసీ గదిలో క్రికెట్ చూస్తూ గడిపినవాడికీ, రెండు షిఫ్టులు చేసి, పిల్లల్ని పడుకోబెట్టి, క్లాసు ఫీజు కోసం అప్పు చేసిన తల్లికీ ఒకే గడియారం పెట్టడం ధర్మం కాదు. చాంద్రాయణం చేయలేని అశక్తులకు మన శాస్త్రాలు మారుదారులు చూపించాయి. కోర్టులూ చూపించాలి.

క్లాసు అయిపోయింది, సర్టిఫికెట్ పీడీఎఫ్ ప్రొబేషన్ ఆఫీసరుకు వెళ్లింది. ఆ వారంలోనే వాడు అక్కకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు. అప్పటిదాకా ఆమెకు తెలియదు. పశ్చాత్తాపంతో చెప్పాడో, లాయరు ఫీజుకు డబ్బు తక్కువై చెప్పాడో నేను అడగలేదు. అక్క మొదట ఏడ్చింది, తర్వాత “నలుగురికీ తెలిస్తే?” అంది.

పిల్లలు పరాయి దేశంలో ఉన్న తల్లిదండ్రులను ఒక్కటే కోరుతున్నాను. ఇలాంటి కబురు చెప్పడానికి వాళ్లు ఫోన్ చేసినప్పుడు నలుగురి సంగతి ఎత్తకండి. తర్వాతి వాయిదా ఎప్పుడో అడిగి, క్యాలెండర్‌లో రాసుకుని, ముందురోజు మీరే గుర్తు చేయండి.