వేపగింజల కషాయము

పెరటిలోని చిక్కుడుపాదు లేతచిగుళ్లపై నల్లని పేనుబంక బారులు తీరి, ఆకులు ముడుచుకొని, వానిపై తేనెబంక జిగురుగా మెరయుచుండ, చీమలు ఆ తీపికై తీగవెంట ఎగబ్రాకుచుండుట శ్రోతలలో అనేకులు చూచియే యుందురు. అట్టివేళ మందుల అంగడికి పరుగిడకమున్ను వీథి మొగదలనున్న వేపచెట్టును స్మరించుట యుక్తము. 1959వ సంవత్సరమున సూడాను దేశమున మిడుతలదండు పచ్చనిదానినెల్ల భక్షించిపోగా, వేపచెట్లు మాత్రము చెక్కుచెదరక నిలిచియుండుటను హైన్రిఖ్ ష్మట్టరర్ అను జర్మను కీటకశాస్త్రజ్ఞుడు గమనించెను. ధాన్యపు గాదెలలో వేపాకు పరచు మన యిల్లాండ్రకు ఆ వార్త యంత వింతగా తోచియుండదు.

ఎండిన వేపపప్పు 50 గ్రాములు దంచి, పలుచని గుడ్డలో మూటగట్టి, లీటరు నీటిలో రాత్రియంతయు నాననిచ్చి, మరునాడు ఆ మూటను పాలవంటి ద్రవము వెడలునంతవరకు పిసికి, వడగట్టి, కొంచెము సబ్బు కలిపినచో (సబ్బు లేనిదే అది ఆకునంటక జారిపోవును) కషాయము సిద్ధమగును. ఇందలి అజాడిరాక్టిన్ పురుగును తత్క్షణమే చంపదు. ఆహారముపై విముఖత కల్పించి, కుబుసము విడుచు క్రమమును చెరచును. కావున మరునాటి యుదయముననే ఫలితమును వెదకువారు నిరాశ చెందుదురు. ఎండకు దాని శక్తి నశించును గనుక సాయంసమయముననే, ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లవలెను.

పొగాకు కషాయమును ప్రకృతిసిద్ధమే గాని, అందలి నికోటిను మనుష్యులకును విషమే; కూరపాదులకు దానిని నేను సమ్మతింపను. పేనుబంక నడుమ అక్షింతల పురుగులు తిరుగాడుచున్నచో, వేపకషాయమును సైతము కొన్నిదినము లాపుడు. ఆ పేనును భక్షించునవి అవియే.