అడిగినవాని ఋణము

మనుష్యుని కష్టమును శాస్త్రవిషయముగా జేసికొని చదువువాడు ఆ మనుష్యునికి ఋణపడునా? రాతిని బరీక్షించువాడు రాతికి ఋణపడడు గదా యని కొందఱనవచ్చును. కాని రాయి తన గోడు తాను చెప్పదు. మనుష్యుడు చెప్పును, చెప్పి ప్రత్యుత్తరమున కెదురుచూచును.

1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తున సమాజశాస్త్రము నభ్యసించు విద్యార్థులకు విశాఖపట్టణమే పెద్ద గ్రంథాలయము. (మఱి యే చదువునందును చోటు దొరకనివారే యిందు జేరుదురని తలిదండ్రులలో నొక యపవాదు కలదు. అది మాకు సమ్మతము గాదు; మాయొద్ద జదివిన బుద్ధిమంతు లట జేరుట చూచితిమి.) 1933లో నౌకాశ్రయము తెఱవబడినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. 1992లో అది జాతి కంకితమయ్యెను. దానికై ఊళ్లు విడిచినవారు గాజువాక, అగనంపూడి ప్రాంతములందు గాపురములు పెట్టిరి. ఉద్యోగార్హత జూపు ఆర్ కార్డును చేతబట్టుకొని దశాబ్దములు నిరీక్షించినవారు వారిలో గలరు. విద్యార్థి ప్రశ్నపత్రముతో పోవునది యిట్టి గుమ్మములకే. భూమి యెంత పోయినది? సొమ్మెంత వచ్చినది? కొడుకు లేమి చేయుచున్నారు? గృహస్థు చాప వేయును, మంచినీళ్లిచ్చును, పనిమానుకొని సమాధానములు చెప్పును. విద్యార్థి వానిని ఆంగ్లమున వ్రాసి పట్టము పొందును. గృహస్థునకు దక్కినదేమి?

దేవ, ఋషి, పితృఋణములు మన మెఱిగినవే. శతపథ బ్రాహ్మణము నాలవదిగా మనుష్యఋణమును జెప్పి, వసతియు నన్నమును నొసగుటచే నది తీరునన్నది. ఇచట జూడుడు: ఆతిథ్యమిచ్చినవాడు నిర్వాసితుడు, పుచ్చుకొన్నవాడు విద్యావంతుడు!

దీనికి బలమైన యాక్షేపణ మొకటి కలదు. ప్రతిఫలము నాశించినవాడు కష్టమును బెంచి చెప్పును, శాస్త్రము చెడును. మఱియు శాస్త్రఫలము కాలాంతరమున నందఱకు జేరును. లండను పేదలను గూర్చి చార్లెస్ బూత్ జరిపిన పరిశోధన 1908 నాటి వృద్ధుల పింఛను శాసనమునకు దోడ్పడలేదా? తోడ్పడినది. కాని యట్టి భాగ్య మే కొలది గ్రంథములకో కలుగును. తక్కినవి బీరువాలలో నుండును.

మేము కోరునది ధనము గాదు, ఉద్యోగమును గాదు. వ్రాసినదానిని పేర్లు విడిచి తెలుగున సంగ్రహించి, పట్టము చేతికి రాకమునుపే, ఆ కాలనీ రామమందిరపు టరుగుపై చదివి వినిపింపవలెను. సమాధానములు వ్రాసికొనుట అప్పటికే ముగిసినది గనుక ఆశచే నవి మాఱవు. పైగా తప్పు పడినచో విన్నవారే దిద్దుదురు. "వేఱుపడిన కొడుకుల కాపురములను తండ్రి కాపురములోనే యేల కలిపితివి, నాయనా?" యని యొక ముసలమ్మ యడిగినచో పట్టిక యంతయు మఱల వ్రాయవలసివచ్చును. అందులకు గడువు చాలదని విద్యార్థి మొఱపెట్టుకొన్నచో, ఆ గడువు నిప్పించుట ఆచార్యుల పని.