అద్దంలోని అంగం - అరచేతిలోని లింగం

యాభై ఏళ్ళు దాటిన ఇల్లాలు పెళ్ళిపందిట్లో అడుగుపెట్టగానే బంధువుల నోట వచ్చే మొదటి మాట తరచుగా ఆమె దేహాన్ని గురించినదే అయి ఉంటుంది. కొంచెం లావైతే "ఒళ్ళు చేసింది" అంటారు. కొంచెం తగ్గితే "చిక్కిపోయింది, ఏం జబ్బో" అంటారు. నెరసిన జుట్టుకు రంగు వేసుకుంటే "ఈ వయసులో సోకులేమిటి" అనీ, వేసుకోకపోతే "అప్పుడే ముసలిదైపోయింది" అనీ అంటారు. పక్కనే కూర్చున్న భర్త పొట్ట మాత్రం కలిమికి గుర్తుగా చెలామణి అవుతుంది. ఈ మాటలు విని విని ఆ ఇల్లాలు తన దేహాన్ని తన కళ్ళతో చూచుకోవటం మరచిపోతుంది. ఫోటో తీస్తామంటే వెనుక వరుసలోకి తప్పుకుంటుంది.

ఇటువంటి స్త్రీలలో రెండు తీరులు కనబడతాయి. ఒకరు దేహాన్ని శత్రువుగా చూస్తారు. పూట పూటా పస్తులుండి, ఎవరో చెప్పిన పొడులు మింగి, తగ్గిన తూకాన్ని చూచి పొంగి, పెరిగిన తూకాన్ని చూచి కుంగుతారు. రెండవ వారు దేహాన్ని పూర్తిగా వదిలివేస్తారు. మోకాళ్ళు నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, "ఈ వయసులో నాకెందుకు? పిల్లలు బాగుంటే చాలు" అని సరిపెట్టుకుంటారు. లోకం మొదటిదాన్ని సోకు అంటుంది, రెండవదాన్ని త్యాగం అంటుంది. శివభక్తురాలైన స్త్రీ ఈ రెండింటిలో దేనిని ఎంచుకోవలె? లేక మూడవ దారి ఏదైనా ఉన్నదా?

పన్నెండవ శతాబ్దంలో కల్యాణంలో బసవేశ్వరుడు బోధించిన ధర్మం ఈ ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పగలదు. రాళ్ళతో గుడి కట్టించలేని భక్తునికి అతని శరీరమే గుడి అని ఆయన బోధ. వీరశైవంలో స్త్రీకి కూడా పురుషునితో సమానంగా లింగధారణ ఉన్నది. ఎడమ అరచేతిలో ఇష్టలింగాన్ని నిలుపుకొని పూజించే అధికారం ఆమెకు పెళ్ళితో వచ్చినది కాదు, వైధవ్యంతో పోయేది కాదు, వయసుతో తగ్గేది కాదు. లింగం ఎక్కడ ఉన్నదో అది ఆలయం. ఆలయానికి సున్నం వెలిసినంత మాత్రాన ఎవరూ దానిని చూచి సిగ్గుపడరు. పైకప్పు కురుస్తుంటే మాత్రం చూస్తూ ఊరుకోరు. ముడతలు, నెరపు వెలిసిన సున్నం వంటివి. రక్తపుపోటు, మధుమేహం, ఎముకల బలహీనత కురిసే కప్పు వంటివి. లోకం మొదటివాటిని చూచి గోల చేస్తుంది, రెండవవాటిని పట్టించుకోదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. శివశరణులు దేహాన్ని తృణప్రాయంగా చూచారు కదా? అక్కమహాదేవి రాజైన కౌశికుని విడిచి, ఆభరణాలను వస్త్రాలను విసర్జించి, కేశాలనే ఆచ్ఛాదనగా చేసుకొని శ్రీశైలం చేరలేదా? తమిళ దేశంలో కారైక్కాల్ అమ్మయార్ తన అందాన్ని తీసివేసి ప్రేతరూపం ఇమ్మని శివుని వేడుకొనలేదా? అటువంటి పరంపరలో పుట్టినవారికి ఆరోగ్యచింత ఎందుకు?

ఆ కథలను కొంచెం నిదానంగా పరిశీలించవలె. కౌశికుడు కోరినది అక్కమహాదేవి రూపాన్ని. ఆ రూపం కారణంగా తాను ఒకరి సొత్తు కావటాన్ని ఆమె తిరస్కరించింది. దేహాన్ని ద్వేషించలేదు. అదే దేహంతో ఉడుతడి నుండి కల్యాణానికి, అక్కడి నుండి శ్రీశైలంలోని కదళీవనానికి నడిచింది. అనుభవమంటపంలో అల్లమప్రభువు ఆమెను పరీక్షిస్తూ, అన్నీ విడిచినదానికి కేశాలతో దేహాన్ని కప్పుకోవటం ఎందుకని ప్రశ్నించినట్లు సంప్రదాయం చెబుతున్నది. తన దేహం గురించి నలుగురి ముందు తడబాటు లేకుండా సమాధానం చెప్పగలగటమే ఆమె వైరాగ్యానికి రుజువు. చుట్టాల మాటకు జడిసి ఫోటోలో వెనుకకు నక్కిన స్త్రీ దేహాభిమానాన్ని విడువలేదు. ఆ అభిమానం లజ్జగా రూపం మార్చుకున్నదంతే. మందు మాని నొప్పిని భరించే స్త్రీ కూడా విరాగిణి కాదు. తన దేహానికి విలువ లేదని ఇంటివారు అనుకునే దానిని తానూ నమ్మింది.

పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణంలో బెజ్జమహాదేవి కథ చెప్పాడు. అందరికీ తల్లులు ఉండగా శివునికి తల్లి లేకపోయెనే అని ఆ ముగ్ధ భక్తురాలు దుఃఖించి, తానే తల్లియై ఆయనను బిడ్డగా సాకింది. నీళ్ళు పోసింది, ఆకలి కనిపెట్టి పెట్టింది, ఒంట్లో బాగులేకపోతే తల్లడిల్లింది. సాక్షాత్తు శివుని దేహానికే సేవ కావలసి వచ్చినప్పుడు, ఆ శివుని ధరించే దేహానికి సేవ అక్కరలేదనటం భక్తి ఎట్లా అవుతుంది?

అన్నం విషయంలో ఈ సంగతి మరింత స్పష్టం. వీరశైవ గృహాలలో భోజనం ముందు లింగానికి సమర్పించి, తరువాత ప్రసాదంగా స్వీకరించటం ఆచారం. కాని ఎన్నో ఇళ్ళలో ఇల్లాలు అందరికీ వడ్డించి, వేళ మించిన తరువాత, అడుగంటిన కూరతో నిలబడి నాలుగు ముద్దలు మింగుతుంది. రాత్రి మిగిలినదంతా "పారవేస్తే పాపం" అని తానే తింటుంది. ఆకలి ఉన్నప్పుడు తినదు, ఆకలి లేనప్పుడు తింటుంది. ఆ నాలుగు ముద్దలూ లింగార్పితమే కదా? భర్తకు వేడిగా వడ్డించి, లింగానికి అడుగంటినది సమర్పించటం దాసోహం కాదు.

ప్రసాదాన్ని వృథా చేయరాదన్నది నిజమే. దానికి ఆయ్దక్కి లక్కమ్మ దారి చూపింది. భర్త మారయ్య ఒకనాడు రోజూ తెచ్చే బియ్యం కంటే ఎక్కువ ఏరి తెచ్చినప్పుడు, అవసరానికి మించినది భక్తునికి తగదని మందలించి, మిగులును తిరిగి ఇచ్చి రమ్మన్నది. మిగలకుండా వండటం ఆమె మార్గం. మిగిలినదాన్ని ఇల్లాలి కడుపులో దాచటం కాదు.

ఈ అలవాట్ల ఫలితం లెక్కలలోనే కనబడుతున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అదే వయసు వారిలో 24 శాతం మంది అధిక బరువు లేదా స్థూలకాయం గలవారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటివారు 36 శాతం, తెలంగాణలో 30 శాతం. అనగా బరువు పెరిగినంత మాత్రాన బలం వచ్చినట్లు కాదు. ఒళ్ళు నిండుగా ఉండి రక్తం పలుచగా ఉన్న స్త్రీలు ఎందరో ఉన్నారు.

భారతదేశంలో స్త్రీలకు ముట్లు ఉడిగే వయసు సగటున 46, 47 ఏళ్ళు. అప్పుడు ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గుతుంది. ఎముకలు త్వరగా పలుచబడతాయి. కండ తగ్గి, కొవ్వు నడుము చుట్టూ చేరుతుంది. ఇది ఎవరి తప్పూ కాదు. దేహం యొక్క ధర్మం. దక్షిణాసియా స్త్రీలలో నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే మధుమేహానికి, గుండెజబ్బుకు జాగ్రత్త పడవలెనని వైద్యులు చెబుతారు. అందానికి కొలత చెప్పటం వారి ఉద్దేశం కాదు. నిత్యం కొంతసేపు నడక, కండకు పని, పాలు, రాగులు, ఆకుకూరలు, పప్పులు, ఏడాదికొకసారి రక్తపరీక్ష - వీటికి సిరిసంపదలు అక్కరలేదు. వీటికి కావలసినది ఇంటివారి అంగీకారం, ఆమెకు తనపై తనకు గౌరవం.

సిగ్గు కారణంగా ప్రాణం మీదికి తెచ్చుకునే సందర్భాలూ ఉన్నవి. ముట్లు ఉడిగి ఏడాది గడిచిన తరువాత మళ్ళీ రక్తం కనబడినా, రొమ్ములో గడ్డ తగిలినా ఆలస్యం చేయరాదు. అది క్యాన్సరుకు తొలి సూచన కావచ్చు. బసవాదులు పంచసూతకాలను తోసిపుచ్చారు. వాటిలో రజస్సూతకం ఒకటి. ముట్టు మైల కాదని ఎనిమిది శతాబ్దాల క్రితమే ప్రకటించిన ధర్మంలో పుట్టిన స్త్రీ, ఆ మాటను వైద్యురాలి ముందు చెప్పుకోవటానికి సిగ్గుపడితే, ఆ ధర్మం గ్రంథాలలోనే మిగిలిపోయినట్లు లెక్క. తల్లితో ఈ మాట ఎత్తలేని కొడుకుకు, భార్యను ఆసుపత్రికి తీసుకుపోవటం ఖర్చుగా భావించే భర్తకు కూడా ఈ దోషంలో భాగం ఉన్నది.

కాయకాన్ని పూజగా ఎంచిన మతం ఇది. కాయం లేనిదే కాయకం లేదు. కాబట్టి భక్తురాలు తన దేహాన్ని అలంకారవస్తువుగా చూడనక్కరలేదు, అరిగిపోయిన పనిముట్టుగా మూలకు వేయనూ రాదు. తూకపు యంత్రం మీది అంకె ఆమె విలువను చెప్పదు, అయినా ఆమె ఆరోగ్యం గురించి ఏదైనా చెబితే వినవలె. జుట్టుకు రంగు వేసుకోవటం, వేసుకోకపోవటం ఆమె ఇష్టం. ఇవి ధర్మాధర్మ విషయాలు కావు. మోకాలి నొప్పి వల్ల పూజకు కూర్చోలేకపోతున్నదా, ఆయాసం వల్ల పొరుగువారికి సాయపడలేకపోతున్నదా - విచారించవలసినది అది.

ఉదయం స్నానం చేసి ఇష్టలింగాన్ని అరచేతిలో నిలుపుకున్నప్పుడు, ఆ చేతి మీది ముడతలను లింగం ఎంచదు. ఆ చెయ్యి వణకకుండా పదికాలాలు లింగాన్ని మోయవలె. అందుకు కావలసిన జాగ్రత్త తీసుకోవటం స్వార్థం కాదు, అది కూడా పూజలో భాగమే. ఈ సంగతి ఇల్లాలు గ్రహించిన నాడు, ఆమె పళ్ళెంలో అన్నం అందరితో పాటు వేడిగా పడుతుంది.