ముదిమి ఎవరిది?

మనుష్యుడు తన వయస్సుకంటె చిన్నవాడుగా కనబడుట సాధ్యమా? సాధ్యమే. తలకు రంగు, నోట కట్టుడుపళ్లు, నీడపట్టున ఉద్యోగము ఉన్నచో పదియేండ్లు దాచవచ్చును. గుమాస్తాగా విశ్రాంతి పొందిన నేనే అందుకు సాక్షిని.

మొన్న బెంగుళూరు బస్సులో ఒక యువకుడు నా భార్యను "అజ్జీ" అని పిలిచి తన చోటిచ్చెను, నన్ను చూపి, "మీ తమ్ముడా?" అని అడిగెను. ఆమె నాకంటె ఐదేండ్లు చిన్నది. మొదట సంతసించితిని. పిదప ఆమె చేతులు చూచి తల వంచుకొంటిని. కట్టెలపొయ్యి పొగ, మూడు కాన్పులు, మా తల్లి మంచమువద్ద జాగరణలు, అన్నియు ఆమెవే.

ఆదిపర్వమున యయాతి తన ముదిమిని పూరునికిచ్చి యౌవనమును పుచ్చుకొనెను. కాని అడిగి పుచ్చుకొనెను; వేయేండ్ల పిమ్మట తిరిగి యిచ్చెను. నేను అడుగలేదు, తిరిగి యిచ్చుట నాచేత కాదు.

సోదరులారా, పడుచువానివలె నున్నారని ఎవరైన మెచ్చినచో అద్దము చూడకుడు. మీ బదులు ముదిసినదెవరో ఇంటిలో చూడుడు.