సల్లగుండు బిడ్డా

నల్గొండ, పాలమూరు పల్లెల్లో పెద్దవాళ్లు ‘కృతజ్ఞతలు’ అనరు. అది సభ చివర వందన సమర్పణ చేసేవాళ్ల మాట. నెత్తి మీది మూట దించితేనో, బస్సులో సీటిస్తేనో, గుక్కెడు నీళ్లిస్తేనో ముసలమ్మ అనేది ఒకటే: “సల్లగుండు బిడ్డా.” ఎండలు మండే మెట్ట నేలలో చల్లదనాన్ని మించిన దీవెన ఏముంటుంది? ఆ మాటలో తీసుకున్న మనిషి చిన్నబోదు. పైగా దీవించే పెద్దరికం ఆమెకే దక్కుతుంది.

ఇదే నేల మీద ఇంకో మాట కూడా నడిచింది: “బాంచెన్ దొరా, నీ కాల్మొక్త.” వెట్టి చేయించుకున్నవాడికే దండం పెట్టాల్సిన కాలం అది. నల్గొండ సాయుధ పోరాటం ఆ దండాన్ని కూడా ఎదిరించింది. పాలమూరు కూలీల కథలోనూ ఇలాంటిదే ఉంది. కష్టకాలంలో మేస్త్రీ చేతిలో పెట్టిన అడ్వాన్సు మేలులాగే కనిపించేది. ఆ బాకీ తీర్చడానికి మనుషులు ఊరొదిలి ఎక్కడెక్కడి డ్యాములకో, కాలువలకో మట్టి మోశారు.

అందుకే “ఉన్నదానికి కృతజ్ఞతగా ఉండండి, ఆనందంగా ఉంటారు” అని ఎవరైనా అంటే కొంచెం ఆగి ఆలోచించాలి. ఎవరికి? దేనికి? రాత్రి పడుకునే ముందు మూడు మంచి విషయాలు డైరీలో రాసుకోమనే సలహా చెడ్డదేం కాదు. కానీ అవి ఎవరి చేతుల మీదుగా వచ్చాయో రాయకపోతే మిగిలేది తృప్తే. కృతజ్ఞత అనే మాటలోనే జవాబుంది. కృతం అంటే చేసినది, జ్ఞత అంటే ఎరుక. చేసినదాన్ని ఎరిగినవాడు కృతజ్ఞుడు, చేసినదాన్ని చంపేసినవాడు కృతఘ్నుడు. అంటే ఇది ముందుగా తెలుసుకోవడం, ఆ తర్వాతే ఓ అనుభూతి.

హైదరాబాద్‌లో గ్లాసుడు కృష్ణా నీళ్లనే తీసుకోండి. సాగర్ వెనక పుట్టంగండి దగ్గర ఎత్తిపోస్తే అవి అక్కంపల్లి రిజర్వాయరుకు చేరి, కోదండాపూర్‌లో శుద్ధి అయి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో వస్తాయి. మొదటి దశ 2004లో మొదలైంది. ఈ మూడు ఊళ్లూ నల్గొండ జిల్లావే. అదే జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు జనం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అక్కడి చాలా బోర్లలో అంతకు రెట్లు ఉండేది. పళ్లు గారపట్టాయి, నడుములు వంగాయి, పిల్లల కాళ్లు వంకరపోయాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడింది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్‌తో మొదలైన మిషన్ భగీరథ ఆ వైపు ఊళ్లకూ నది నీళ్లు తెచ్చింది. వంగిన నడుములు మాత్రం నిటారు కాలేదు.

ఆ ఊళ్లవాళ్లు నల్లా నీళ్లకు ఎవరికి రుణపడాలి? మంచినీళ్లు హక్కు. హక్కుకు దండాలు పెట్టించుకోవడం మళ్లీ ‘బాంచెన్’ దగ్గరికే తీసుకెళ్తుంది. ఆలస్యానికి జవాబు అడగాల్సిందే. అయితే హక్కు అన్నంత మాత్రాన దాని వెనకున్న చేతులు మాయం కావు. కందకం తవ్వినవాళ్లున్నారు, పొద్దున్నే వాల్వ్ తిప్పే మనిషున్నాడు, నీళ్ల కోసం రోడ్డెక్కి ధర్నాలు చేసినవాళ్లున్నారు. ఎరుక అంటే ఆ చేతులతో పాటు ఆ ఆలస్యమూ తెలిసి ఉండటం. తెలిసినవాళ్లే దీవించగలరు, నిలదీయగలరు కూడా.

ఇందులో మనకు దక్కేదేంటి? గ్లాసు అదే, నీళ్లూ అవే. కాకపోతే వాటిని ఒంటరిగా తాగం. రోజూ చేతికందే ప్రతి వస్తువు వెనకా ఎవరో ఉన్నారని గుర్తుపడుతూ పోతే, ముఖాలు తెలియని నగరంలో కూడా మనకు నలుగురు మనుషులున్నట్టు ఉంటుంది. రోజువారీ బతుకులో అది చిన్న సంపాదనేం కాదు.