పోలికయు సత్యమును

ఒక వ్యక్తి రూపమును కాగితముపై నిలుపువారు ఎవరికి బాధ్యులు? చూడబోవువారి కన్నులకా, ఎదుట కూర్చున్న వ్యక్తికా, లేక సత్యమునకా? ఈ ప్రశ్న చాల పాతది. దీనిని విచారించుటకు అరచేతిలో ఇమిడిపోవునంతటి చిన్న చిత్రమొకటి చాలును.

ఆ చిత్రము ఇంగ్లండులో సుమారు 1810వ సంవత్సరమున రచింపబడినది. ఎత్తు పదకొండున్నర సెంటీమీటర్లు, వెడల్పు ఎనిమిది సెంటీమీటర్లు. పెన్సిలుతో గీసి, నీటిరంగులు అద్దినది. అందు కూర్చున్నామె ప్రఖ్యాత నవలారచయిత్రి జేన్ ఆస్టెన్. చిత్రించినామె ఆమె అక్క కసాండ్రా. చెల్లెలి పేరు లోకమంతట తెలియును. అక్క పేరు తెలిసినవారు కొందరే, వారును ఆమెను సోదరిగా ఎరుగుదురే గాని చిత్రకారిణిగా ఎరుగరు.

కసాండ్రా 1773లోను, జేన్ 1775లోను జన్మించిరి. తండ్రి స్టీవెంటన్ గ్రామమున చర్చి పురోహితుడు. కసాండ్రాకు వివాహము నిశ్చయమైనది గాని, వరుడు వెస్టిండీస్ దీవులకు వెళ్లి 1797లో జ్వరముతో మరణించెను. ఆ పిమ్మట ఆమె వివాహమాడలేదు. జేన్ కూడ అవివాహితగనే యుండెను. అక్కచెల్లెండ్రు జీవితమంతయు ఒకరికొకరు తోడుగా గడిపిరి. 1791లో పదునైదేండ్ల జేన్ హాస్యముగా వ్రాసిన ఇంగ్లండు చరిత్రకు రాజుల, రాణుల ముఖములను నీటిరంగులతో వేసి ఇచ్చినది కసాండ్రాయే. 1804లో ఆమె చెల్లెలిని వెనుకనుండి చిత్రించెను. నీలి దుస్తులతో, టోపీ ధరించి, ఆరుబయట కూర్చున్న స్త్రీమూర్తి అది, ముఖము కనబడదు.

1810 నాటి చిత్రమున ముఖము కనబడును గాని అది ప్రసన్నముగా లేదు. పెదవులు బిగిసియున్నవి. చూపు ప్రక్కకు మరలియున్నది. చేతులు కట్టుకొని యున్నవి. ముఖమునకును కురులకును మాత్రమే రంగు పడినది. దేహము, కుర్చీ పెన్సిలు గీతలుగనే మిగిలినవి. పోలిక కుదరలేదని కుటుంబములోని ఒక మేనకోడలు తరువాతి కాలమున గట్టిగా ఆక్షేపించెను.

జేన్ 1817లో నలుబదియొకటవ యేట మరణించెను. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట ఆమె మేనల్లుడు జేమ్స్ ఎడ్వర్డ్ ఆస్టెన్-లీ ఆమె జీవితచరిత్రను వ్రాసి 1869 చివర వెలువరించెను. గ్రంథమునకు ముఖచిత్రము కావలసివచ్చినది. జేమ్స్ ఆండ్రూస్ అను చిత్రకారునిచేత కసాండ్రా చిత్రమును ఆధారముగా గొని క్రొత్త నీటిరంగు చిత్రము వేయించిరి. అందు బిగిసిన పెదవులు సడలినవి, చూపు మెత్తబడినది, దుస్తులు పూర్తియైనవి. 2017లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు వెలువరించిన పది పౌండ్ల నోటుపై ఉన్నదియు ఈ సవరించిన ముఖమునకు సంబంధించినదే. కసాండ్రా చిత్రమును లండనులోని జాతీయ చిత్రపట మందిరము 1948లో సేకరించినది.

మేనల్లుని తప్పుపట్టుట తేలిక. కాని అతని పక్షమునను న్యాయము లేకపోలేదు. మేనత్తను అతడు బాల్యమున చూచినవాడు. ప్రేమించినవారిని లోకము ఎదుట సుముఖముగా నిలుపవలెనను కోరిక దోషము కాదు. పైగా, ఎరిగినవారే పోలిక లేదన్నప్పుడు ఆ చిత్రమును సత్యమనుట ఎట్లు?

ఇక్కడనే సూక్ష్మమున్నది. పోలిక వేరు, సాక్ష్యము వేరు. కసాండ్రా చేతికి నేర్పు చాలకపోయి యుండవచ్చును; ఆమె గీత తడబడియుండవచ్చును. అయినను ఆమె ఎదుట జేన్ కూర్చుండెను. ఆండ్రూస్ చేయి నేర్పరి. కాని అతని ఎదుట కూర్చున్నది కాగితము. చూచినవారు పొరపడిన యెడల అది లోపము. చూడనివారు మెరుగుపెట్టిన యెడల అది కోరిక. లోపమును దిద్దుటకు కోరిక అధికారి కాజాలదు.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ కలదు. కసాండ్రా కూడ సర్వమును బయటపెట్టినది కాదు. చెల్లెలు వ్రాసిన ఉత్తరములలో పెక్కింటిని తన వార్ధక్యమున కాల్చివేసెను. మిగిలినవానిలో కొన్నింటినుండి భాగములను కత్తిరించెను. దాచినామె సత్యమునకు సాక్షి యెట్లగును? లోకమునకు దానివలన కలిగిన నష్టము నిజమే, అది చిన్నది కాదు. అయినను దాచుటకును మార్చుటకును భేదమున్నది. దాచినవారు “ఇది మీకు చెందదు” అని ఊరకుందురు. మార్చినవారు “ఇదియే ఆమె” అని చేతికిత్తురు. మొదటివారు ప్రశ్నను మిగిల్చి పోవుదురు. రెండవవారు ప్రశ్న పుట్టకుండ చేయుదురు.

చెల్లెలు పోయిన పిమ్మట కసాండ్రా ఇరువదియెనిమిదేండ్లు జీవించి 1845లో మరణించెను. ఆ చిత్రము అసంపూర్ణముగనే యుండిపోయినది. ఉత్తరములను కత్తిరించిన చేయి ఆ పెదవులపై చిరునవ్వు దిద్దలేదు.

తల్లి గతించిన పిమ్మట ఆమె పటమును పెద్దది చేయించు కుమారులు ముడుతలు తుడిపింతురు, తలను నల్లబరపింతురు. అది ప్రేమతోనే చేయుదురు. పటము గోడనెక్కును, కొన్నియేండ్లకు మనుమలు ఆ నున్నని ముఖమునే అవ్వ యని ఎరుగుదురు. పొలములో ఎండిన ముఖము, పొయ్యి ముందు కమలిన ముఖము ఎవరి జ్ఞాపకమునను మిగలదు. గౌరవింపదలచిన శ్రమయే తుడిచివేయబడినది. మరణించినవారు తమ ముఖమును తాము కాపాడుకొనలేరు గనుక, దానిని ఉన్నది ఉన్నట్లు విడుచుట బ్రతికియున్నవారు వారికి తీర్చవలసిన ఋణము.